హాజరు షీట్ శాతం తప్పు చూపిస్తోంది, ఒక్కరోజే మానేసిన పిల్లకి 68 వచ్చింది

చాక్‌పీస్
నెట్‌లో దొరికిన హాజరు టెంప్లేట్ ఒకటి దింపుకుని ఈ నెల నుంచి వాడుతున్నాను. ఎ కాలమ్‌లో రోల్ నంబరు, బి లో పేరు, సి నుంచి ఏజీ దాకా 31 రోజులు, ఆ పక్కన మొత్తం, శాతం. వచ్చిన వాళ్ళకి ‘హా’, రాని వాళ్ళకి ‘గై’ అని కొడతాం. క్లాసులో 42 మంది. ఈ నెల పనిదినాలు 22.

నెలాఖరున చూస్తే 11 మందికి 75 శాతం కంటే తక్కువ చూపించింది. తక్కువుంటే ఇంటికి కబురు చేయాలి కాబట్టి 11 ఇళ్ళకీ మెసేజ్ పెట్టేశాను. గంట తిరక్కుండా ఒక అమ్మ ఫోన్ చేసింది. "జ్వరం వచ్చిన ఒక్కరోజే కదండీ మా పిల్ల మానేసింది, ఏడు రోజులు రాలేదని రాశారేంటి? బడికని చెప్పి ఎక్కడికి పోతున్నావని వాళ్ళ నాన్న నిలదీశాడు, అప్పట్నుంచి ఏడుస్తూనే ఉంది" అంది. నాకు నోట మాట రాలేదు.

షీట్ తెరిచి ఆ అమ్మాయి వరుస మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. 21 ‘హా’లు, ఒక ‘గై’. మొత్తం కాలమ్‌లో మాత్రం 15. శాతం 68.2. నా కళ్ళకి 21 కనిపిస్తుంటే షీట్‌కి 15 ఎలా కనిపిస్తున్నాయి? ఫార్ములా నేను ముట్టుకోలేదు. ఎవరైనా చెప్పండి, రేపు పొద్దున ఆ పిల్ల ముందు నిలబడాలి.

లెక్కలటీచర్
ఫార్ములా పరిధి చూడండి. మధ్యలో కాలమ్ ఏమైనా చేర్చారా? కొన్ని టెంప్లేట్లలో మొత్తం 28వ తేదీ దగ్గరే ఆగిపోతుంది.

చాక్‌పీస్
చూశానండీ. సి నుంచి ఏజీ వరకు సరిగ్గానే ఉంది. కౌంట్‌ఇఫ్ పెట్టి ‘హా’ ఎన్ని ఉన్నాయని అడుగుతోంది, అంతే. మొదటి 31 మందికి లెక్క సరిపోతోంది కూడా.

గళ్ళబడి
మొదటి 31 మందికి సరిపోతోందా? అయితే తప్పొచ్చిన 11 మంది రోల్ నంబర్లు ఏమిటి?

చాక్‌పీస్
32 నుంచి 42. అరె, అందరూ వరుసగా ఉన్నారు! ఇది నేను గమనించనే లేదు.

గళ్ళబడి
వరుసగా ఉన్నారంటే అది పిల్లల అలవాటు కాదు, కొట్టిన చేతి అలవాటు. ఆ పదకొండు వరుసలు ఎప్పుడైనా వేరే ఎవరైనా నింపారా? ఫోన్లో?

చాక్‌పీస్
అవును. ల్యాబ్ కోసం క్లాసుని రెండుగా విడదీసినప్పుడు 32 నుంచి కింద ఉన్నవాళ్ళ హాజరు మా తోటి టీచరమ్మ తన ఫోన్లో వేసింది. అలా ఆరు రోజులు. 21లోంచి 6 తీస్తే 15. వచ్చేసింది! కానీ ఆమె కూడా ‘హా’ అనే కదా కొట్టింది?

గళ్ళబడి
‘హా’ తరవాత ఖాళీ కూడా పడి ఉంటుంది. ఫోన్ కీబోర్డులో రెండక్షరాలు కొట్టగానే పైన సూచన వస్తుంది కదా, దాన్ని నొక్కితే పదంతో పాటు ఒక స్పేస్ కూడా వేసేస్తుంది. మనకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కౌంట్‌ఇఫ్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. పక్కన ఖాళీ సెల్‌లో లెన్ ఫంక్షన్ పెట్టి ఆ అమ్మాయి గుర్తుల్లో ఒక మంచి రోజు, ఒక ల్యాబ్ రోజు పొడవు అడగండి.

చాక్‌పీస్
మంచి రోజుకి 2 వచ్చింది. ల్యాబ్ రోజుకి 3.

రెండోబెంచి
‘హా’ ఒక్క అక్షరమే కదా, 1 రావాలి గానీ 2 ఎందుకొచ్చింది? అంటే మంచి రోజులో కూడా తేడా ఉన్నట్టేగా?

గళ్ళబడి
మంచి ప్రశ్న. కంప్యూటర్ లోపల ‘హ’ ఒకటి, దీర్ఘం ఇంకొకటి. మనం ఒక్క అక్షరంగా చదివేదాన్ని అది రెండుగా దాచుకుంటుంది. ‘గై’ కూడా అంతే, గ, దాని మీద ఐత్వం. అందుకే 2 సరైనదే. ఆ మూడోదే ఖాళీ.

చాక్‌పీస్ గారూ, సి నుంచి ఏజీ వరకు గుర్తులున్న భాగం మాత్రమే ఎంచుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో వెతికే చోట ఒక్క స్పేస్ కొట్టి, మార్చే చోట ఏమీ లేకుండా వదిలేసి, అన్నీ మార్చెయ్ అనండి. ఎంచుకున్న భాగంలోనే మార్చమన్నారో లేదో ఒకసారి చూసుకోండి. మొత్తం షీట్ మీద చేస్తే పేర్లలో ఖాళీలు కూడా పోయి, ఇంటిపేరూ పేరూ అతుక్కుపోతాయి.

వరుసకట్టు
ఆ పని నేను చేశాను. 60 మంది పిల్లల పేర్లు ఒక్క క్షణంలో సంధి కలిసిపోయాయి. చేసిన పని వెనక్కి తీసే కంట్రోల్ జెడ్ చల్లగా ఉండాలి.

చాక్‌పీస్
చేశాను. 66 చోట్ల మారిందని చూపించింది. 11 మంది, ఆరు రోజులు, లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ అమ్మాయికి 21 వచ్చాయి, 95.5 శాతం. పదకొండు మందిలో ఒక్కరికి కూడా 75 కంటే తక్కువ లేదు. ఒక్కరికి కూడా. పదకొండు ఇళ్ళలో ఊరికే గొడవ పెట్టాను.

పాతరిజిస్టర్
ఇందుకే నేను ఇప్పటికీ కాగితం రిజిస్టర్ వదలను. అందులో కంటికి కనపడని గుర్తు ఉండదు. దిద్దితే దిద్దినట్టు తెలుస్తుంది, ఎవరి చేతిరాతో తెలుస్తుంది. కరెంటు పోయినా, ఫోన్ పోయినా అది బల్ల మీదే ఉంటుంది. ముందు రిజిస్టర్‌లో వెయ్యండి, వారానికోసారి షీట్‌లోకి ఎక్కించండి.

సెల్‌సున్నా
పాతరిజిస్టర్ గారూ, రెండుసార్లు రాస్తే రెండు చోట్ల తప్పులొస్తాయి. పైగా వారానికోసారి ఎక్కిస్తే, సోమవారం నుంచి రాని పిల్లవాడి సంగతి శనివారం తెలుస్తుంది. షీట్ పెట్టుకునేదే ఆ రోజుకారోజు తెలియడానికి.

నా సలహా: అక్షరాలు మానేసి 1, 0 వాడండి. సమ్ పెడితే మొత్తం వచ్చేస్తుంది. స్పేస్ గోల ఉండదు.

లెక్కలటీచర్
1, 0 తో ఒక చిక్కుంది. ఖాళీ సెల్ కూడా సమ్‌లో సున్నా లాగే కలుస్తుంది. టీచరు ఆ రోజు వెయ్యడం మర్చిపోతే పిల్లవాడు రానట్టే లెక్క. టిక్ పెట్టె అయితే ఇంకా కష్టం. టిక్ లేకపోతే పిల్లవాడు రాలేదా, మనం తాకలేదా అన్నది ఎప్పటికీ తెలియదు.

చాక్‌పీస్ గారి షీట్‌లో జరిగిందీ అదే. షీట్ ఆ ఆరు రోజుల గురించి ‘నాకు తెలియదు’ అనాలి. దానికి అలా అనే చోటు లేదు కాబట్టి ‘రాలేదు’ అంది. మొత్తం పక్కన ఇంకో కాలమ్ పెట్టండి. దాని పేరు ‘సరిచూపు’. అందులో ‘హా’లు ఎన్ని, ‘గై’లు ఎన్ని, అనుమతి సెలవులు ఎన్ని కలిపి, పనిదినాల్లోంచి తీసెయ్యండి. సున్నా రావాలి. ఆ అమ్మాయికి 15కి 1 కలిపితే 16, 22లోంచి తీస్తే 6 మిగులుతుంది. ఆ 6 ఎర్రగా కనిపించి ఉంటే మీరు మెసేజ్ పంపేవారా?

చాక్‌పీస్
పంపేదాన్ని కాదు. ఇప్పుడే పెట్టేశాను. ఇంకో షరతు కూడా చేర్చాను: సరిచూపు సున్నా కాకపోతే శాతం గడిలో అంకె బదులు ‘ఆగండి’ అని రావాలి. ఇఫ్ ఒక్కటి చాలింది.

సెల్‌సున్నా
ఆ ‘ఆగండి’ బాగుంది. 1, 0 పెట్టినా ఖాళీలని విడిగా లెక్కపెట్టుకోవచ్చు గానీ, సరే, ఒప్పుకుంటున్నాను, అక్షరాలైతే చదవడానికి హాయి.

వరుసకట్టు
డ్రాప్‌డౌన్ పెట్టండి. డేటా వ్యాలిడేషన్‌లో హా, గై, సె (అనుమతి సెలవు) మూడే ఉంచి, వేరేది కొడితే తిరస్కరించమనండి. అప్పుడు ఫోన్లో కూడా కొట్టే పని లేదు, ఎంచుకోవడమే. మా దగ్గర ఒకరు ‘గైర్హాజరు’, ఒకరు ‘గైరుహాజరు’, ఇంకొకరు ‘రాలేదు’ అని రాసేవారు. నెలాఖరున ఆ మూడింటికీ మూడు లెక్కలు.

గళ్ళబడి
డ్రాప్‌డౌన్ మంచిదే, కానీ వేరే చోట నుంచి కాపీ చేసి అతికిస్తే ఎక్సెల్ ఆ నియమాన్ని పట్టించుకోదు. పైగా అతికించిన చోట నియమమే చెరిగిపోవచ్చు. కాబట్టి డ్రాప్‌డౌన్ ఉన్నా సరిచూపు కాలమ్ తీసెయ్యొద్దు.

నీలిసిరా
మీది ఆరు రోజులతో పోయింది. నా సంగతి వినండి, ఎవరికైనా పనికొస్తుంది.

పేర్లు అక్షర క్రమంలో లేవని ఒకరోజు పేర్ల కాలమ్ ఒక్కటే ఎంచుకుని క్రమంలో పెట్టాను. ఎక్సెల్ ఒక ప్రశ్న అడిగింది, పక్క కాలమ్‌లు కూడా కలుపుకోనా అని. చదవకుండా ఏదో నొక్కేశాను. పేర్లు కదిలాయి, గుర్తులు కదల్లేదు. ఒకరి హాజరు ఇంకొకరికి అతుక్కుంది. చూడటానికి షీట్ పొందికగా ఉంది, ఒక్క ఎర్ర గడి లేదు, మొత్తాలన్నీ సరిపోతున్నాయి. సరిచూపు కాలమ్ ఉన్నా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ప్రతి వరుసలోనూ 22 గుర్తులూ ఉన్నాయి కదా.

తొమ్మిది రోజుల తరవాత తెలిసింది. అంతకుముందు ఆస్పత్రిలో ఉండి వచ్చిన పిల్లవాడికి వందకి వంద శాతం, రోజూ మొదటి బెంచీలో కూర్చునే పిల్లకి సగం. ఆ తొమ్మిది రోజులూ కొత్త క్రమంలో సరిగ్గా వేశాను, వెనకవి తప్పు. అంటే పాత ఫైలు తెచ్చుకున్నా సగమే పని. చివరికి ఆన్‌లైన్ కాపీలో వెర్షన్ హిస్టరీ (ఫైలు పాత రూపాలు దాచి ఉంచే చోటు) తెరిచి, పాత రోజులు ఒక షీట్‌లో, కొత్త తొమ్మిది రోజులు ఇంకో షీట్‌లో పెట్టి, అడ్మిషన్ నంబరు పట్టుకుని ఒక్కొక్కరినీ కలిపాను. ఆ నంబరు కాలమ్ గనక లేకపోతే ఏం చేసేదాన్నో ఇప్పటికీ ఊహించుకోలేను.

అప్పటి నుంచి ఒకటే పట్టు. నెల మధ్యలో క్రమం మార్చను. చూడటానికి కావాలంటే గూగుల్ షీట్స్‌లో ఫిల్టర్ వ్యూ వాడతాను, అది నా కంటికే మారుతుంది, అసలు షీట్ కదలదు.

రెండోబెంచి
నీలిసిరా అక్కా, నేను ఆ ‘సగం’ పడిన పిల్ల లాంటివాణ్ణి. మా దగ్గర ఇద్దరికి ఒకే పేరు. షీట్ పేరుని బట్టి వెతికేది, పైన ఎవరుంటే వాళ్ళ హాజరే ఇద్దరికీ వచ్చేది. వాడు మానేసిన రోజులన్నీ నా ఖాతాలో పడ్డాయి. నేను వెళ్ళి చెబితే "షీట్‌లో అలా ఉంది మరి" అన్నారు. వచ్చానని నేనెలా రుజువు చేసుకోవాలి? నోట్సులో తేదీలు వేసుకునే అలవాటుండబట్టి పుస్తకాలన్నీ తీసుకెళ్ళి చూపించాను. దయచేసి పేరుతో వెతకొద్దండీ.

పాతరిజిస్టర్
బాబూ, నువ్వు చెప్పింది చదివి బాధ కలిగింది. రిజిస్టర్‌లోనైనా ఒకే పేరు ఇద్దరికుంటే పొరపాటు పడతాం, అది నిజం. నేను పక్కన తండ్రి పేరు రాసుకుంటాను. రోల్ నంబరు పెట్టినా, మధ్యలో కొత్త పిల్ల చేరితే నంబర్లన్నీ ఒకటి కిందికి జరుగుతాయి. అడ్మిషన్ నంబరైతే చేరిన రోజు నుంచి వెళ్ళే రోజు దాకా మారదు.

చాక్‌పీస్
అడ్మిషన్ నంబరు కాలమ్ చేర్చాను. మధ్యలో చేరిన పిల్లల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నాను: వచ్చే నెల 12వ పనిదినాన ఒక పిల్లవాడు చేరతాడు. ముందు 11 రోజులు ఏం పెట్టాలి?

లెక్కలటీచర్
ఒక అడ్డగీత. డ్రాప్‌డౌన్‌లో నాలుగో గుర్తుగా చేర్చండి. అర్థం: అప్పటికి ఇక్కడ లేడు. సరిచూపులో దాన్నీ కలపండి, శాతం తీసేటప్పుడు మాత్రం పనిదినాల్లోంచి తీసెయ్యండి. ఆ నెలకీ పనిదినాలు 22 అనుకుంటే, ఆ పిల్లవాడికి 22 కాదు, 11 రోజులే. అన్నీ వస్తే 100 శాతం, 50 కాదు.

ఇంకొకటి, ఏడాది చివర చాలామంది చేసే తప్పు. నెలల శాతాలన్నీ కూడి సగటు తీస్తారు. ఒక నెల 24 రోజులకి 24 వచ్చింది, 100 శాతం. తరవాతి నెల పరీక్షలూ సెలవులూ పోగా 10 రోజులే, అందులో 5 వచ్చింది, 50 శాతం. రెంటి సగటు 75. అసలు లెక్క? 34 రోజుల్లో 29, అంటే 85.3. పది శాతం పైనే తేడా. రోజులు కూడండి, శాతాలు కూడొద్దు.

వరుసకట్టు
దశాంశాలు దాచిపెట్టడం కూడా చూసుకోవాలి. 74.6 ఉంటే గడిలో 75 అని కనిపిస్తుంది, లోపల మాత్రం 74.6 ఉంటుంది. 75 అని కనిపిస్తూనే ఎర్రరంగు పడితే పిల్లలు గొడవకొస్తారు, న్యాయమే. ఒక దశాంశం చూపించండి.

సెల్‌సున్నా
ఆలస్యంగా వచ్చిన వాళ్ళని ఏం చేస్తున్నారు అందరూ? మేం మూడు ఆలస్యాలకి ఒక ‘గై’ వేస్తాం.

నీలిసిరా
నాకది నచ్చదు. మూడు రోజులూ వచ్చి కూర్చున్న పిల్లని ఒకరోజు రాలేదని రాయడం అబద్ధం కదా. ఆలస్యానికి వేరే గుర్తు పెట్టి విడిగా లెక్కపెట్టుకోండి. దండన వేరు, రికార్డు వేరు.

సెల్‌సున్నా
నియమం నేను పెట్టింది కాదు, పైనుంచి వచ్చింది. కానీ మీరన్నది నిజమే, ముందు ‘ఆ’ అని వేసి, మూడింటికి ఒకటి కోత లెక్క వేరే కాలమ్‌లో చూపిస్తాను. అసలు గుర్తు చెరపను.

అమ్మ_ఇద్దరికి
టీచర్లు కాని మనిషి ఇక్కడ మాట్లాడొచ్చా? ఇలాంటి మెసేజ్ మా ఇంటికీ వచ్చింది ఒకసారి. "మీ పిల్లవాడు 7 రోజులు గైర్హాజరు" అని ఒక్క వాక్యం. ఏ రోజులో లేదు. నేను వాణ్ణి నమ్మాలా, మెసేజ్‌ని నమ్మాలా? తేదీలు రాసి ఉంటే క్యాలెండర్ చూసి నిమిషంలో చెప్పేదాన్ని. తేదీలు రాయండి. "మా లెక్కలో ఈ తేదీలు ఇలా ఉన్నాయి, మీ లెక్కతో సరిపోతోందా?" అని అడగండి. అలా అడిగితే ఇంట్లో ఎవరూ పిల్లల మీద చెయ్యెత్తరు.

ఇంకో మాట. ఒక టీచరు మొత్తం క్లాసు షీట్ లింకే గ్రూపులో పెట్టేశారు. ఎవరు ఎందుకు మానేశారో కారణాల కాలమ్‌తో సహా. ఒక పిల్ల ఎదురుగా ఆమె జబ్బు పేరు రాసి ఉంది. అందరం చదివాం. ఆ తల్లి తరవాత మాతో మాట్లాడటం మానేసింది.

గళ్ళబడి
అమ్మా, మీరు రాసింది అందరూ రెండుసార్లు చదవాలి. కాలమ్ దాచేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. దాచిన కాలమ్‌ని ఎవరైనా కాపీ చేసుకుని తెరుచుకోవచ్చు, అది తాళం కాదు. కారణాలు వేరే ఫైల్లో పెట్టి ఎవరితోనూ పంచుకోకూడదు. ఇంటికి పంపేది ఆ పిల్ల ఒక్కదాని వరుసే.

తేదీలు షీటే రాసిపెడుతుంది. ఫిల్టర్ ఫంక్షన్‌తో ఆ వరుసలో ‘గై’ ఉన్న తేదీలు ఏరి, టెక్స్ట్‌జాయిన్‌తో కామాలు పెట్టి కలిపితే ఒక గడిలో వచ్చేస్తాయి. గూగుల్ షీట్స్‌లోనూ, ఎక్సెల్ కొత్త వెర్షన్లలోనూ రెండూ ఉన్నాయి. తేదీని మాత్రం టెక్స్ట్ ఫంక్షన్‌తో రోజు, నెల పేరుగా మార్చి పంపండి. 3/4 అని పంపితే ఏది రోజో ఏది నెలో మళ్ళీ తగువు.

లెక్కలటీచర్
క్లాసు సగటు చూసి మురిసిపోయే వాళ్ళకి ఒక లెక్క. 40 మంది, 20 రోజులు, మొత్తం 800 గుర్తులు. అందులో 744 ‘హా’లు. 93 శాతం, బ్రహ్మాండం అంటాం. మిగిలిన 56 ‘గై’ల్లో 40 నలుగురు పిల్లలవే అయితే? ఆ నలుగురూ సగం రోజులు బడిలో లేరు. ఆ సంగతి 93లో ఎక్కడా కనపడదు. పైనున్న సగటు కాదు, కిందున్న నాలుగు వరుసలు చూడాలి. చాలా చోట్ల పనిదినాల్లో 10 శాతం పోతేనే జాగ్రత్త పడాలంటారు. అంటే 20 రోజుల నెలలో రెండు రోజులు. రెండే కదా అనుకుంటాం.

చాక్‌పీస్
నెలాఖరు దాకా ఆగకుండా ముందే తెలిసే దారి ఉందా? వరుసగా మూడు రోజులు రాకపోతే రంగు మారేలా?

గళ్ళబడి
ఉంది. మొదటి పిల్ల మూడో రోజు గడి (ఆ పిల్ల 3వ వరుసలో ఉంటే ఈ3) నుంచి చివరి పిల్ల చివరి రోజు వరకు ఎంచుకుని, కండిషనల్ ఫార్మాటింగ్‌లో సొంత ఫార్ములా ఇవ్వండి: సి3 నుంచి ఈ3 వరకు ‘గై’ల కౌంట్‌ఇఫ్ 3కి సమానం. డాలర్ గుర్తులు పెట్టొద్దు, పెడితే నియమం ఒకేచోట పాతుకుపోతుంది, పెట్టకపోతే గడితో పాటు జరుగుతుంది. ఒక్క షరతు, సెలవు రోజుల కాలమ్‌లు షీట్‌లో ఉండకూడదు. శుక్ర, శని, సోమ రాని పిల్ల మధ్యలో ఆదివారం ఖాళీ గడి ఉంటే నియమానికి మూడు కనపడవు.

నీలిసిరా
వరుసగా మూడే కాదు. తేదీ కింద ఇంకో వరుసలో వారం పేరు వేసుకోండి. మా క్లాసులో ఒక పిల్లవాడు ఎప్పుడూ మూడు వరుసగా మానలేదు, శాతం 80 పైనే ఉండేది, ఏ రంగూ పడలేదు. వారాల పేర్లు వేశాక చూస్తే అన్నీ సోమవారాలే. అడిగితే చెప్పాడు. ఆదివారం రాత్రి వాళ్ళమ్మ ఊరు నుంచి తిరిగొచ్చేసరికి తెల్లారుతుందట, చెల్లిని చూసుకునేది వాడే. ఆ మాట ఏ ఫార్ములా చెప్పదు, కానీ వాణ్ణి అడగాలని మాత్రం షీటే చెప్పింది.

పాతరిజిస్టర్
ఇది నా రిజిస్టర్‌లో నాకు కనపడేది కాదు, ఒప్పుకుంటున్నాను. ఆ మూడు రోజుల రంగు ఎలా పెట్టాలో నాకు మెల్లిగా ఎవరైనా చెబుతారా?

వరుసకట్టు
నేను చెబుతాను సార్, మీ షీట్ పేర్లు తీసేసి ఒక కాపీ పంపండి చాలు.

చాక్‌పీస్
చివరి సంగతి చెప్పి వెళ్తాను. నిన్న సాయంత్రం 11 ఇళ్ళకీ మెసేజ్ కాదు, ఫోనే చేశాను. తప్పు షీట్‌లో జరిగింది, మీ పిల్లలది కాదు అని చెప్పి, ఎవరు ఏ తేదీల్లో రాలేదో చదివి వినిపించాను. తొమ్మిది ఇళ్ళలో సరే అన్నారు. ఒక ఇంట్లో మాత్రం మీరు చెప్పిన తేదీల్లో ఒకటి తప్పు, ఆ రోజు వచ్చాడు అన్నారు. ల్యాబ్ రోజే. తోటి టీచరమ్మని అడిగితే ఆమె కూడా అవునని గుర్తు చేసుకుంది, సరిదిద్దాం.

పదకొండో ఇల్లు ఆ అమ్మాయిది. వాళ్ళ నాన్న ఫోన్ తీశాడు. నేను చెప్పడం అయ్యాక కాసేపు ఏమీ అనలేదు. తరవాత "ఫోన్ పిల్లకిస్తాను, ఈ మాట దానికి మీరే చెప్పండి" అన్నాడు. చెప్పాను. "ఇరవై ఒకటే కదా టీచర్?" అని అడిగింది. అవునమ్మా, ఇరవై ఒకటి అన్నాను.